వదిన కోసమే

సుదర్శనం దేశాన్ని నట్టింట్లో పరిచి నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టాడు. పటం పాతది, మడతల దగ్గర అరిగి చిల్లులు పడింది. ఫ్యాను గాలికి కాశ్మీరం లేచి లేచి పడుతుంటే దాని మీద కళ్ళజోడు పెట్టె కూడా బరువుకు పెట్టాల్సి వచ్చింది. దేవస్థానం ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైన మనిషి ఆయన. ఏ పనైనా కాగితం మీదికి ఎక్కిందంటే సగం అయిపోయినట్టేనని ఆయన నమ్మకం. మిగతా సగం ఎవరు చేస్తారని ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరో ఒకరు చేస్తూనే వచ్చారు మరి.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఉంది ఆ ఇల్లు. ఆ ఇంటివాళ్ళెవరూ ఇంతవరకు విజయవాడ దాటి ఉత్తరానికి పోలేదు. దేశమంతా తమ ఊరికే వస్తుంటే తాము పోవడమెందుకని కాబోలు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ, అక్కచెల్లెళ్ళిద్దరూ, వాళ్ళ సంసారాలూ కలిపి పదకొండు మంది బయల్దేరుతున్నారు. ఇరవై నాలుగు రోజులు, ఒక టెంపో వ్యాను.

"పూరీలో దిగుతాం. ఆడినుంచి కలకత్తా. ట్రాము బండి ఎక్కాల్సిందే," అని సుదర్శనం చూపుడువేలితో తూర్పుతీరం ఎక్కాడు. "తర్వాత కాశీ, అయోధ్య, హరిద్వారం. బృందావనంలో రెండు రోజులు. జైపూరులో ఊరికి ఊరే ఎర్రటి రంగు వేసుకోని ఉంటుందంట. ఆఖరికి ద్వారక. గుడి మెట్లు దిగితే గోమతి పోయి సముద్రంలో కలిసేది కనపడుతుంది."

ఆయన భార్య పెరుందేవి వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతులు ఆపకుండానే చెవులు రెండూ ఆ పటం మీద వేసింది. దేశం ఆమెకు తెలియనిదేం కాదు. గుండ్లు గీయించుకుని, తడిబట్టలతో, కాళ్ళు ఈడ్చుకుంటూ వీధిలో నడిచిపోయే జనం రూపంలో రోజూ చూస్తూనే ఉంది. పెద్ద తలపాగాల వాళ్ళు, మోచేతుల దాకా గాజులవాళ్ళు, ముఖం మీదికి కొంగు లాక్కునేవాళ్ళు. కాకపోతే వాళ్ళంతా పరాయి ఊరొచ్చి అలసిపోయినవాళ్ళు. వాళ్ళను వాళ్ళ వాకిళ్ళలో చూడాలని ఆమె కోరిక. వాళ్ళ తలుపులు ఎట్లుంటాయో, వాకిట్లో ముగ్గు వేస్తారో లేదో, సాయంత్రం అరుగుమీద కూర్చుని ఏం మాట్లాడుకుంటారో చూడాలి. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, ఎవరూ అడగలేదు.

"అంతా బాగుంది అన్నయ్యా, మరి భోజనాల సంగతి?" అన్నాడు మరిది యదునందన్. కాలేజీలో లెక్చరరు. భోజనం సంగతి తేలందే ఏ సంగతీ అతని తలకెక్కదు.

"దానికేముందిరా, సొంత వంటే. మీ వదిన బయట తినదు గదా."

"అవును, వదిన కోసమైనా పొయ్యి ఎత్తుకోని పోవాల్సిందే," అంది పెద్దాడపడుచు. అందరూ పెరుందేవి వైపు ప్రేమగా చూశారు.

ఆ మాటలో అబద్ధం లేదు. వండినది ముందు పెరుమాళ్ళకు తళిగగా, అంటే నైవేద్యంగా చూపించి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకునే ఇల్లు అది. అందరూ ఒకప్పుడు అట్లాగే ఉన్నారు. తర్వాత సుదర్శనానికి ఆఫీసు క్యాంటీను ఇడ్లీలు అలవాటయ్యాయి. యదునందన్‌కు మసాలా దోసె లేనిదే ఆదివారం కాదు. అతని భార్య శ్రీసుధకు ఫోనులో నొక్కితే వాకిట్లోకి వచ్చే తిండే తిండి. పెరుందేవి ఒక్కతే మిగిలింది. 'మా వదిన బయట మంచినీళ్ళు కూడా ముట్టదు' అని పెళ్ళిళ్ళలో పదిమందికీ చెప్పుకుంటారు. అట్లా చెప్పినప్పుడల్లా ఆమెకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది. ఆ పూట కూడా ఉంది.

"అక్కా, సాత్తుముదు పొడి ఎక్కువ కొట్టండి. ఆ చలిలో మీ సాత్తుముదు తాగితే ప్రాణం లేచొస్తుంది," అంది శ్రీసుధ. సాత్తుముదంటే ఆ ఇంట్లో చారు.

సుదర్శనం కొత్త కాగితం తీసి సామాను జాబితా మొదలుపెట్టాడు. రెండు గ్యాసుపొయ్యిలు, సిలిండరు, నాలుగు గుండిగలు, బియ్యం, కందిపప్పు, చింతపండు. వ్యాను మీద ఏ మూల ఏది కట్టాలో కూడా బొమ్మ గీశాడు. చింతపండు దగ్గర ఆగి, "ఎంత పడుతుందో నువ్వు చూసి చెప్పు," అన్నాడు భార్యతో.

మర్నాడు శుక్రవారం. విస్తరాకుల కట్టతో తిరుమలమ్మ పెరటివైపు వచ్చింది. పుత్తూరు మనిషి, ఏభై దాటాయి. ఆకులు కుట్టి అమ్ముతుంది. యాత్రల రోజుల్లో మాత్రం ఒక యాత్రబస్సులో వంటకు పోతుంది. అట్లా ఇప్పటికి తొమ్మిదిసార్లు ఉత్తరాదికి వెళ్ళివచ్చింది. చింతపండు సంగతి అడగడానికి ఆమెను మించిన మనిషి ఎవరుంటారు?

పెరుందేవి వసారాలో పీట వేసింది. తిరుమలమ్మ పీట పక్కకు జరిపి నేలమీదే కూర్చుంది.

"పదకొండు మందికా? మూడు కిలోలు ఎత్తుకో అమ్మా. ఆడ దొరికేది నమ్ముకోవద్దు. పుల్లంగా ఉండదు, వట్టి రంగే. మిరక్కాయలూ ఈన్నించే ఎత్తుకోని పో."

పెరుందేవి రాసుకుంది. రాసుకుని, పెన్ను మూత పెట్టకుండానే అడిగింది. "కాశీ ఎట్లుంటుంది తిరుమలమ్మా?"

"కాశీనా? సత్రం ఎనకాల సిమెంటు కట్ట ఉండాది. పొయ్యి ఆడ పెట్టుకోవచ్చు. కోతులు జాస్తి. అప్పడాలు బయట పెడితే మనకు మిగలవు."

"అది కాదు, ఊరు."

"ఊరంటే..." తిరుమలమ్మ కాసేపు ఆలోచించింది. "సందులు సన్నం అమ్మా. సిలిండరు బండి మింద రాదు. మనిషి మోసుకోని రావాల."

"గంగ చూసినావు గదా?"

"సూసినా. మా బస్సోళ్ళు రెండు బక్కెట్లు తెచ్చిరి. ఆ నీళ్ళతోనే పొంగలి చేసినా. ఆ బక్కెట్లకే దండం పెట్టుకుంటి."

ఆమె ఎగతాళిగా అనలేదు, బాధగానూ అనలేదు. ఆకుల కట్టకు దారం బిగిస్తూ, ఉన్న సంగతి చెప్పింది. పెరుందేవికి మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

"జైపూరు?"

"నీళ్ళు ఉప్పన. పప్పు ఉడికి సావదు. ముందురోజే నానేసుకో."

"ద్వారక?"

"గాలి తల్లీ. మంట నిలవదు. సుట్టూ రేకులు అడ్డం పెట్టుకోవాల. రేకులు రాసుకున్నావా?"

"సముద్రం పక్కనే గదా గుడి?"

"ఆ. శబుదం ఇనిపిస్తాది."

పెరుందేవి పెన్ను కింద పెట్టింది. "తొమ్మిదిసార్లు పోయినావు. ఒక్కసారన్నా పోయి చూసి రావాలనిపించలేదా?"

"అనిపించకుండా ఏం? ఎప్పుడు పోయేది? వాళ్ళు సూసే పొద్దుకు నేను వండాల. వాళ్ళు తినే పొద్దుకు వడ్డించాల. వాళ్ళు పడుకుంటే గిన్నెలు. బస్సు కదిలినాదంటే నాకు కళ్ళు మూతలు పడిపోతాయి. దోవ గూడా సూళ్ళే." తిరుమలమ్మ నవ్వి లేచింది. "నాది కూలి గదమ్మా. నీకేం, మీ మనుషులతో పోతా ఉండావు. బాగా సూసి రా."

ఆమె వెళ్ళిపోయాక పెరుందేవి భర్త బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన బజారుకు పోయాడు. కార్యక్రమం కాగితాలు వరసగా గుండుసూది గుచ్చి ఉన్నాయి. ఇన్నాళ్ళూ పేర్లు వినడమేగానీ కాగితం చదవలేదు. ఇప్పుడు నిలబడి చదివింది. రోజుకు ఒక పేజీ. ఎడమవైపు వేళలు, కుడివైపు పనులు. తెల్లవారి నాలుగింటికి 'టిఫిను, మధ్యాహ్నపు మూటలు - పె.' తొమ్మిదికి 'దర్శనం, ఊరు చూడటం - అందరూ.' మూడింటికి 'రాత్రి వంట - పె.' ఆఫీసు అలవాటుకొద్దీ పేరులో మొదటి అక్షరమే వేశాడు.

అందరూ అన్నచోట తానూ ఉన్నట్టే గదా అని ఒక పేజీలో సర్దిచెప్పుకుంది. బృందావనం పేజీలో అదీ కుదరలేదు. 'సత్రంలో నీళ్ళు పదింటికే వస్తాయి, పె. ఉండిపోవాలి' అని కింద గీత గీసి మరీ రాసి ఉంది. ద్వారకలో సాయంత్రం అయిదింటికి అందరూ సముద్రం దగ్గర. పె. రేకుల మధ్య.

కోపం రావాల్సింది. రాలేదు. దుఃఖం వచ్చింది, అదీ ఆయన మీద కాదు. ఇదంతా తన కోసమే చేస్తున్నారని నిన్న సంబరపడిన తన మీదే. అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరు. అందుకే ఎవరితో ఏమని గొడవపడాలో తెలియలేదు. కాగితాలు ఎట్లున్నవి అట్లా పెట్టి వెళ్ళి సాయంత్రం తళిగకు బియ్యం కడిగింది. కడుగుతూ కడుగుతూ, బయట తినకపోవడం అన్న ఆ ఒక్క మాట మీదే ఈ సిలిండరూ, గుండిగలూ, పొయ్యిలూ అన్నీ నిలబడి ఉన్నాయని ఆమెకు తట్టింది. చేయి నీళ్ళలోనే ఆగిపోయింది.

శనివారం పదకొండింటికి కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరింది. మార్కెట్టు మలుపులో ఆకులు పెట్టుకుని కూర్చున్న తిరుమలమ్మ దగ్గర ఆగింది.

"తిరుమలమ్మా, నాతో ఒకచోటికి రావాల."

"యాడికమ్మా?"

"స్టేషను ఎదురుగా సందులో ఉత్తరాదివాళ్ళ హోటలు ఉంది గదా. రొట్టె తినాల."

తిరుమలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నట్టుంది. "నువ్వా?"

"నేనే. ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది."

ఆకుల మీద గోనెపట్టా కప్పి తిరుమలమ్మ లేచింది.

లోపల పొగ, జనం, గట్టి గట్టి మాటలు. ఉత్తరాది యాత్రికుల కోసమే పెట్టిన భోజనశాల అది. గోడమీద అక్షరాలు కూడా తెలుగు కావు. పెరుందేవి కొంగు భుజం చుట్టూ కప్పుకుని మూలబల్ల దగ్గర కూర్చుంది. వీధివాళ్ళెవరన్నా చూస్తారేమోనని ముఖం గోడవైపు తిప్పుకుంది. తిరుమలమ్మ వేరే బల్లవైపు నడవబోయింది.

"నేను ఆడ కూసుంటాలేమ్మా."

"ఇట్లా రా. ఎదురుగా కూర్చో."

పళ్ళాలు వచ్చాయి. మందమైన రొట్టెలు, పసుపుపచ్చ పప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. పెరుందేవి తన ఉల్లిపాయలు చేత్తో ముట్టకుండా గరిటెతో తీసి తిరుమలమ్మ పళ్ళెంలో వేసింది. ఇంక మిగిలింది తినడమే. పెళ్ళయి వచ్చినప్పటినుంచి పెట్టుకున్న కట్టుబాటు. చెయ్యి ఒళ్ళోనుంచి లేవలేదు. కళ్ళు మూసుకుని ఆ పళ్ళేన్ని మనసులోనే పెరుమాళ్ళకు చూపించింది. ఇంట్లో అయితే గంట మోగించి, తెర వేసి చూపించేది. ఇక్కడ పక్కబల్ల మీద ఎవడో పప్పు తెమ్మని కేకలేస్తున్నాడు. కళ్ళు తెరిచి చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

గోధుమ వాసన, కొంచెం మాడు వాసన. పప్పులో పులుపు లేదు. వాము కాబోలు ఏదో తగిలింది. నమిలింది, మింగింది. ఏమీ కాలేదు. ఇంత చిన్న సంగతా అని ఆశ్చర్యం వేసి, వెంటనే ఏడుపు వచ్చినంత పనైంది. రెండో ముక్క పెద్దదే తుంచింది.

"తొమ్మిదిసార్లు పోయినా గానీ ఇది నోట్లో పెట్టుకోలా," అంది తిరుమలమ్మ. "మా బస్సులో మన అన్నమే. మెత్తంగా బాగుండాదే."

అవతలి బల్ల దగ్గర గుజరాతువాళ్ళో ఎవరో ఒక కుటుంబం దిగింది. ఏడెనిమిది మంది. వాళ్ళలో పెద్దావిడ కూర్చోకుండానే సంచీలోంచి డబ్బాలు తీసింది. ఇంటినుంచి తెచ్చిన పసుపుపచ్చని పలుచటి రొట్టెలు, పచ్చడి. ఒక్కొక్కరికీ వడ్డించింది, పిల్లకు ముక్కలు చేసి పెట్టింది. భర్త ఏదో అంటే మళ్ళీ లేచింది. అందరివీ అయ్యాక తాను ఒక రొట్టె చేతిలోకి తీసుకునేసరికి బయట వాళ్ళ బస్సు హారను కొట్టింది. ఆవిడ రొట్టె నోట్లో కుక్కుకుంటూ డబ్బాలు సర్దింది. పెరుందేవి చూస్తూ ఉండిపోయింది. ఇంత దూరం వచ్చిన ఆ మనిషి మన ఊళ్ళో ఒక వాకిలైనా చూసిందో లేదో.

చెయ్యి కడుక్కునేటప్పుడు తిరుమలమ్మ అంది, "వచ్చే నెల బస్సుకు పిలిచినారు. ఈసారి ద్వారకలో పొయ్యి రవంత ఆలస్యంగా ఎలిగిస్తా. తిడితే తిట్టనీ."

ఆదివారం మళ్ళీ అందరూ చేరారు. సుదర్శనం సామాను జాబితా ఫైనల్ చేసి పైకి చదివాడు. అంతా విని యదునందన్ తల గోక్కున్నాడు.

"వ్యాను పైన చోటు చాలదు అన్నయ్యా. మన పెట్టెలు రెండు తగ్గించుకోవాల. ఏం చేస్తాం, వదిన కోసం సర్దుకుందాం."

"నా కోసమైతే వద్దు," అంది పెరుందేవి.

గడప దగ్గరినుంచే అంది, గట్టిగా కూడా అనలేదు. అయినా అందరూ తలలు తిప్పారు.

"వద్దంటే?"

"పొయ్యి వద్దు. నేను బయట తింటాను."

పెద్దాడపడుచు నవ్వింది. ఆ నవ్వు ఎవరూ అందుకోకపోయేసరికి తనంతట తానే ఆగిపోయింది.

"తినగలవా నువ్వు?" అన్నాడు సుదర్శనం.

"నిన్న తిన్నాను. స్టేషను ఎదురుగా, రొట్టె, పప్పు."

సుదర్శనం కళ్ళజోడు తీశాడు. ఆయనకు మొదట తోచిన ప్రశ్న అదే అయి ఉండాలి. "పెరుమాళ్ళకు?"

"చూపించే తిన్నాను. ఆయనేమీ అనలేదు."

శ్రీసుధ ఫోను బోర్లించి పెట్టింది. ఇంతసేపూ వదిన పేరు చెప్పుకుని హాయిగా కూర్చున్నవాళ్ళంతా ఇప్పుడు ఎవరికి కావాల్సింది వాళ్ళు సొంత నోటితో అడుక్కోవాల్సి వచ్చింది. అది అంత తేలిక కాదు.

"నాకు బయటి నూనె పడదమ్మా," అంది పెద్దాడపడుచు చివరికి.

"ఇరవై నాలుగు రోజులూ చపాతీలేనా?" అన్నాడు యదునందన్. ఒక క్షణం ఆగి, ఉపాయం దొరికినట్టు ముందుకు జరిగాడు. "పోనీ ఆ తిరుమలమ్మను వంటకు పిలుద్దాం వదినా. మీకు శ్రమ లేకుండా."

పెరుందేవికి ఇప్పుడు కోపం వచ్చింది.

"ఆమె చేతివంట ఈ ఇంట్లో చెల్లుతుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే. ఆమె తొమ్మిదిసార్లు కాశీకి పోయి బక్కెట్టు చూసి వచ్చింది యదూ. పదోసారి మనం తీసుకోని పోయి చూపిద్దామా?"

యదునందన్‌కు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. శ్రీసుధకు అర్థమైనట్టుంది. బావగారి బల్లమీది కార్యక్రమం కాగితాలు తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ పెరుందేవి వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

అందరూ వెళ్ళిపోయాక సుదర్శనం జాబితా ముందు చాలాసేపు కూర్చున్నాడు. పెరుందేవి దీపం పెట్టి వచ్చేసరికి, తల ఎత్తకుండానే అన్నాడు.

"అందరిదీ వేరే సంగతి. నీ సాత్తుముదు లేనిదే నాకు ముద్ద దిగదు. ఉన్న మాట చెప్తా ఉన్నా."

నలభై ఏళ్ళలో ఆ మాట ఆయన నోటినుంచి ఇదే మొదటిసారి. ఎప్పుడూ 'వంట అయిందా' అనేవాడు, లేకపోతే 'ఉప్పు సరిపోయింది' అనేవాడు. ఆ ఒక్క మాటకే పొయ్యి మళ్ళీ వ్యాను ఎక్కేదేమో. ఎక్కించడానికి నోటిదాకా వచ్చింది కూడా.

"ఇంటికొచ్చినాక చేసిపెడతాను," అంది. "ఇరవై ఐదో రోజు."

సుదర్శనం పెన్ను తీశాడు. గ్యాసుపొయ్యిల మీద గీత పెట్టాడు. సిలిండరు మీద, గుండిగల మీద పెట్టాడు. బియ్యం దగ్గరికి వచ్చి కాసేపు ఆగి, దాని మీదా పెట్టాడు.

సోమవారం తిరువారాధన అయింది. పెరుమాళ్ళకు కొంచెం దద్ధ్యోదనం తళిగ అయింది. పన్నెండవుతుండగా సుదర్శనం ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ నిలబడ్డాడు.

"ఆ హోటలు యాడో చూపిస్తావా? ముందు నేనూ అలవాటు చేసుకోవాల గదా."

ఇద్దరూ నడిచారు. సందు మలుపు దగ్గర ఆయన వెనకబడితే ఆమె ఆగింది. లోపల అదే పొగ, అవే కేకలు. మొన్నటి మూలబల్ల ఖాళీ లేదు, వీధివైపు బల్ల దొరికింది. పెరుందేవి ఈసారి గోడవైపు తిరగలేదు.

కుర్రవాడొకడు రెండు పళ్ళేల్లో రొట్టెలు వేసి, పప్పు గిన్నె ఇద్దరికీ మధ్యన పెట్టి పోయాడు. సుదర్శనం చేతులు కడుక్కుని వచ్చి పళ్ళెం ముందు సర్దుకుని కూర్చున్నాడు. కూర్చుని, పప్పు గిన్నె వైపు చూసి, భార్య చేతివైపు చూశాడు.

పెరుందేవి కళ్ళు మూసుకుని తెరిచింది. గరిటెతో తన పళ్ళెంలో పప్పు వేసుకుంది. గరిటె తిరిగి గిన్నెలో పెట్టింది. రొట్టె తుంచి, ముంచి, తినడం మొదలుపెట్టింది.

ఆయన ఇంకాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాపి గిన్నె తనవైపు జరుపుకున్నాడు.